పాత బ్రిటిష్ వెండి నాణేలపై సంవత్సరాంకాల మార్పులు: ఓవర్‌డేట్, రీపంచ్ గుర్తింపులో ఆధారాల విచారణ

వ్యాససంగ్రహం

బ్రిటిష్ వెండి నాణేల అచ్చులపై సంవత్సరాంకాన్ని దాదాపు రెండు శతాబ్దాల పాటు ఒక్కొక్క అంకెగా చేతితో కొట్టేవారు. మిగిలిపోయిన అచ్చును మరుసటి ఏడాది వాడవలసి వచ్చినప్పుడు పాత అంకె మీదనే కొత్త అంకెను దిగగొట్టడం టంకశాలలో సాధారణమైన పద్ధతి. అలా ఏర్పడినదే ఓవర్‌డేట్. అదే అంకెను రెండోసారి కొట్టగా ఏర్పడినది రీపంచ్. ఈ రెండింటినీ గుర్తించే పద్ధతిని, వాటిని పోలి కనిపిస్తూ పరిశీలకుని పొరపాటుకు గురిచేసే ఇతర గుర్తుల నుంచి వేరుచేసే ప్రమాణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఓవర్‌డేట్ నాణేనికి సంబంధించిన లక్షణం కాదు, అచ్చుకు సంబంధించిన లక్షణం. గుర్తింపు నియమాలన్నీ ఈ భేదం నుంచే పుడతాయన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: నాణేల శాస్త్రం, టంకశాల, అచ్చు, సంవత్సరాంకం, ఓవర్‌డేట్, రీపంచ్, అచ్చు దశ, క్రౌన్, షిల్లింగు, గ్రోట్.

1. ఉపోద్ఘాతం

ఆలివర్ క్రామ్‌వెల్ పేరిట థామస్ సైమన్ చెక్కిన వెండి క్రౌన్ మీద 1658 అనే సంవత్సరం ఉంటుంది. చివరి అంకెను భూతద్దంలో చూస్తే 8 ఒంటరిగా లేదని తెలుస్తుంది. దాని కింద 7 అంకె రేఖలు కనిపిస్తాయి. అంటే ఈ అచ్చు 1657లోనే సిద్ధమయింది, నాణేల ముద్రణ మాత్రం ఆ సంవత్సరాంకంతో జరగలేదు. మరుసటి ఏడాది 7 మీద 8 కొట్టి అదే అచ్చును పనిలోకి తెచ్చారు. 1658 సెప్టెంబరు 3న క్రామ్‌వెల్ మరణించాడు. ఒక పాలకుడి నాణెం ఎప్పుడు తలపెట్టబడింది, ఎప్పుడు వెలువడింది అనే రెండు ప్రశ్నల మధ్యనున్న కాలాన్ని ఇక్కడ ఒక్క అంకె చూపిస్తోంది.

ఇదే నాణెం మరొక పాఠం కూడా చెబుతుంది. బొమ్మ వైపు క్రామ్‌వెల్ మెడకు అడ్డంగా ఒక పగులు గీత ఉంటుంది. తొలుత ముద్రించిన నాణేలలో అది సన్నగా, తరువాతి వాటిలో క్రమంగా పెద్దదిగా కనిపిస్తుంది. పగిలింది నాణెం కాదు, అచ్చు. పగిలిన అచ్చు తన గాయాన్ని ప్రతి నాణెం మీదా అచ్చుగుద్దినట్లు దింపుతూ పోయింది. బొరుసు వైపున్న 8 కింది 7 సంగతీ అంతే. అచ్చులో ఉన్నది ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి నాణెంలో, అదే చోట, అదే ఆకారంలో ఉంటుంది. అచ్చులో లేనిది, ఒక్క నాణెం మీద మాత్రమే కనిపించేది, ఎంత స్పష్టంగా ఉన్నా ఓవర్‌డేట్ కాజాలదు.

ఈ సూత్రం చెప్పడానికి సులభం. ఆచరణలో దాన్ని మరచిపోవడానికి ఒక ప్రలోభం ఉంది. ఓవర్‌డేట్ అని పేరు పడిన నాణేనికి విపణిలో సాధారణ నాణెం కంటే ఎక్కువ ధర పలుకుతుంది. అందుచేత చూడదలచుకున్న అంకె కంటికి కనిపించడం తరచుగా జరుగుతుంది. ఒకసారి ఒక జాబితాలోకి ఎక్కిన సందేహాస్పదమైన గుర్తింపు తరువాతి జాబితాలలోకి నిర్ధారణగా ప్రవేశిస్తుంది. నాణేన్ని చారిత్రక ఆధారంగా వాడే పరిశోధకునికి ఇది చిన్న విషయం కాదు. టంకశాల పనితీరు గురించి అతడు చేసే నిర్ణయాలన్నీ ఆ ఒక్క అంకె మీద నిలబడి ఉండవచ్చు.

2. అచ్చులో అంకె ఎలా చేరింది

నాణెం మీద ఉబ్బెత్తుగా ఉన్నదంతా అచ్చులో గుంటగా ఉంటుంది. ఇంగ్లండులో 1662 నుంచి వెండి నాణేల ముద్రణ స్థిరంగా యంత్రాలతో జరిగింది. అచ్చు తయారీలో మాత్రం చేతిపని చాలాకాలం కొనసాగింది. రాజు లేదా రాణి ముఖచిత్రానికి ఉబ్బెత్తుగా చెక్కిన ఒక ఉక్కు పంచ్ ఉండేది. దానిని మెత్తబరచిన ఉక్కుదిమ్మెలోకి దింపి అచ్చు తయారుచేసేవారు. చుట్టూ ఉండే అక్షరాలకు, సంవత్సరాంకానికి విడివిడి పంచ్‌లు ఉండేవి. పనివాడు ఒక్కొక్కదానిని చోటు చూసి నిలబెట్టి సుత్తితో కొట్టేవాడు. పని పూర్తయ్యాక అచ్చును కాల్చి చల్లార్చి గట్టిపరిచేవారు.

ఈ క్రమంలో రెండు విషయాలు ముఖ్యమైనవి. మొదటిది, అచ్చు ఖరీదైన వస్తువు. మంచి ఉక్కు, నిపుణుడి శ్రమ, గట్టిపరచేటప్పుడు పగిలిపోయే ప్రమాదం, ఇవన్నీ కలిసి దాని విలువను పెంచాయి. ఏడాది మారిందని బాగున్న అచ్చును పారవేయడం ఏ టంకశాలకూ ఇష్టం ఉండదు. రెండవది, అచ్చులో దిగిన గుంటను పూర్తిగా చెరిపివేయడం దాదాపు అసాధ్యం. చుట్టూ ఉన్న చదునుభాగాన్ని అరగదీస్తే గుంట లోతు తగ్గుతుంది, కాని లోతైన భాగాలు మిగులుతాయి. అంకెలోని సన్నని కొనలు, పలుచని గీతలు ముందుగా మాయమవుతాయి. మందమైన నడిమి రేఖలు సన్నబడి నిలుస్తాయి. కనుక ఓవర్‌డేట్‌లో కింది అంకె పూర్తిగా కనిపించాలని ఆశించరాదు. ఏ భాగం మిగలాలి, ఏ భాగం పోవాలి అన్నది ముందే ఊహించదగిన విషయం.

కొత్త పంచ్ దిగినప్పుడు అది పక్కనున్న ఉక్కును కొంత తోస్తుంది. ఆ ఉక్కు పాత గుంటలోకి చొచ్చుకొని దాని అంచులను నొక్కివేస్తుంది. అందువల్ల నాణెం మీద తరువాతి అంకె బాహ్యరేఖ తెగకుండా సాగుతుంది. ముందటి అంకె రేఖ దానిని తాకిన చోట ఆగిపోతుంది లేదా వంకరపోతుంది. తవ్వకాలలో ఒక గొయ్యి పాత నేలపొరను కోసినప్పుడు ఏది ముందు, ఏది తరువాత అని పురావస్తు పరిశోధకులు నిర్ణయించే తీరే ఇక్కడా వర్తిస్తుంది. ‘ఎత్తుగా కనిపించేది తరువాతి అంకె’ అనే వాడుకమాట మాత్రం నమ్మదగినది కాదు. ముందటి పంచ్ లోతుగా దిగి ఉంటే దాని అడుగుభాగం కొత్త అంకె కంటే నాణెం మీద ఎత్తుగా నిలబడగలదు.

3. కింద మరొక అంకె ఉన్నంత మాత్రాన ఓవర్‌డేట్ కాదు

జాబితాలలో ఒక గీత వేసి రెండు అంకెలను చూపే పద్ధతి ఉంది. 1848/6 అంటే 8 కింద 6 అని అర్థం. ఈ సంక్షిప్త సంకేతం సౌకర్యవంతమైనదే అయినా భిన్నమైన సంగతులను ఒకే గాటన కట్టివేస్తుంది.

విక్టోరియా కాలపు 1850 సిక్స్‌పెన్స్‌లో మూడవ అంకె అయిన 5 కింద 3 కనిపించే రకం ఒకటి ఉంది. దీనిని తేదీ మార్పుగా చదివితే 1830 నాటి అచ్చును 1850లో వాడారని చెప్పవలసి వస్తుంది. విక్టోరియా సింహాసనమెక్కింది 1837లో. కనుక ఆ పఠనం అసాధ్యం. పనివాడు పెట్టెలోంచి తప్పు పంచ్ తీసి కొట్టాడు, వెంటనే సరిదిద్దుకున్నాడు, అంతే. 1843 గ్రోట్‌లో 4 కింద 5 కనిపించే రకమూ ఇటువంటిదే. రాబోయే 1853 కోసం ఎవరూ పదేళ్ళ ముందు అచ్చు తయారుచేయరు. ఇవి పొరపాటు దిద్దుబాట్లు, అచ్చును కాలాంతరంలో తిరిగి వాడిన దాఖలాలు కావు. ఈ తేడాను గుర్తించకుండా వీటిని ఓవర్‌డేట్ల పట్టికలో చేర్చి, వాటి సంఖ్యను బట్టి టంకశాల పొదుపును లెక్కవేయడం పునాది లేని పని.

దిద్దుబాటులో అంకె మారనవసరం లేదు. విలియం, మేరీల 1692 క్రౌన్‌లలో చివరి 2 కింద తలకిందులైన 2 ఉన్న రకం ప్రసిద్ధమైనది. బ్రిటానియా బొమ్మ ఉన్న 1838 గ్రోట్‌లో ఒక 8 కింద అడ్డంగా పడుకున్న 8 కనిపిస్తుంది. పనివాడు పంచ్‌ను పావు చుట్టు తిప్పి పట్టుకున్నాడు. 8 ఆకారం పై నుంచి చూసేవాడిని మోసం చేయడానికి అనువైనది కూడా. అంకె అదే అయినా దిశ మారినందువల్ల దీని గుర్తింపు సులభం. నిలువు 8 నడుముకు రెండు వైపులా అడ్డ 8 గుండ్రని చెవులు బయటకు పొడుచుకొని వస్తాయి.

అసలైన రీపంచ్ ఇంతకంటె నిరాడంబరమైనది. అంకె సరిగా దిగలేదనో, వంకరగా దిగిందనో, అచ్చు అరిగి అంకె నిస్సారమైందనో అదే అంకెను మళ్ళీ కొడతారు. రెండు దెబ్బలూ ఒకే పంచ్‌తో పడితే కింది ఆకారం పై ఆకారానికి జరిగిన ప్రతిరూపంగా ఉంటుంది. ప్రతి మూల, ప్రతి వంపు ఒకే దిశలో, ఒకే దూరం జరిగి కనిపించాలి. ఒక మూలలో మాత్రమే జాడ ఉండి మిగిలిన చోట్ల ఎందుకు లేదో చెప్పలేకపోతే రీపంచ్ అనే నిర్ణయాన్ని వాయిదా వేయడమే మంచిది.

వీటన్నింటికీ భిన్నమైనది నాణెం మీద నాణెం. 1804లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కోసం బర్మింగ్‌హామ్ సమీపంలోని సోహోలో మాథ్యూ బౌల్టన్ ముద్రించిన ఐదు షిల్లింగుల డాలర్‌కు బిళ్ళగా స్పానిష్ అమెరికన్ ఎనిమిది రియాల నాణేలను వాడారు. కొన్నింటి మీద 1804 డాలర్ రేఖల నడుమ పాత స్పానిష్ అక్షరాలు, ఒక్కొక్కసారి పాత సంవత్సరం కూడా తొంగిచూస్తాయి. ఇక్కడ అచ్చుకు ఏ మార్పూ జరగలేదు. పాత జాడ బిళ్ళది, కాబట్టి నాణేనికీ నాణేనికీ మారుతుంది. తెలుగు పరిశోధకులకు దీనికి సన్నిహితమైన ఉదాహరణ మద్రాసులో దొరుకుతుంది. ఈస్టిండియా కంపెనీ 19వ శతాబ్ది తొలినాళ్ళలో ముద్రించిన వెండి అర వరహా మీద ఒక వైపు గోపురం, మరొక వైపు విష్ణుమూర్తి, తెలుగు తమిళ అక్షరాలు ఉంటాయి. వీటిలో కొన్ని స్పానిష్ డాలర్ల మీదనే కొట్టినవి. గోపురం పక్కన కనిపించే అపరిచితమైన అక్షరశకలాన్ని అచ్చు మార్పుగా భావించడం ఈ భేదాన్ని విస్మరించడమే.

4. అంకెల నిర్మాణం, జాడల ఊహ

గుర్తింపులో సారవంతమైన భాగం అంకెల జ్యామితి. పై అంకె కప్పలేని చోట కింది అంకెలో ఏ భాగం బయటపడాలి? ఈ ప్రశ్నకు సమాధానం నాణేన్ని చూడకముందే కాగితం మీద గీసుకోవచ్చు. గీసుకోవాలి కూడా. జాడను చూశాక దానికి తగిన అంకెను వెతకడం, అంకెను ఊహించి జాడ కోసం చూడడం రెండూ వేర్వేరు పనులు. రెండవదానికి మాత్రమే తప్పని తేలే అవకాశం ఉంటుంది.

8 కింద 6 ఉంటే కింది సున్నా భాగాలు రెండింటిలోనూ దాదాపు ఒకటవుతాయి. తేడా నడుము దగ్గర బయటపడుతుంది. 8 రెండు వైపులా లోపలికి నొక్కుకుంటుంది. 6 ఎడమ వెన్ను మాత్రం నొక్కుకోకుండా ఒకే వంపుగా పైకి పోతుంది. కనుక 8 నడుముకు ఎడమ పక్కన ఖాళీ నిండిపోయినట్లు ఉండాలి, కుడి పక్కన అలా ఉండరాదు. రెండు వైపులా నిండి ఉంటే 6 కాదు. బహుశా అచ్చులో ఉక్కు పెచ్చు ఊడి ఉండవచ్చు, లేదా అడ్డ 8 కావచ్చు. 8 కింద 7 ఉంటే ఆశించవలసినవి వేరు. 7 తలకట్టు చదునైనది, 8 తల గుండ్రనిది. అందుచేత 8 పైభాగానికి ఎడమవైపు కోసుగా ఒక మూల పొడుచుకొని రావాలి. 7 వాలుగీత 8 పైగడి కుడి భాగం నుంచి కిందగడిలోకి దిగాలి.

9 కింద 8 ఉన్నప్పుడు 9 తోకకు ఎడమగా, కింది భాగంలో 8 కింది సున్నా ఎడమ వంపు కనిపించాలి. 1849 గ్రోట్‌లో 8 మీద 9 కొట్టిన రకానికి ఇదే పరీక్ష. 5 కింద 3 ఉంటే, ఉదాహరణకు నాలుగవ జార్జి 1825 షిల్లింగులో వలె, కింది వంపులు కలిసిపోతాయి. ఆధారమంతా పైభాగంలో ఉంటుంది. 5 నిలువుగీత ఎడమన ఉంటుంది, 3 పైవంపు కుడికి ఉబ్బుతుంది. కుడివైపు ఆ ఉబ్బు లేకపోతే ఎడమన ఏమి కనిపించినా ప్రయోజనం లేదు. అన్నింటికంటె కష్టమైనది 8 కింద 3. మూడు దాదాపు పూర్తిగా ఎనిమిదిలో ఇమిడిపోతుంది. ఇటువంటి జంట విషయంలో నిర్ణయం చేయకపోవడమే చాలా సందర్భాలలో సరైన నిర్ణయం.

రెండు అంకెలు మారిన సందర్భాలు పరిశోధకునికి వరప్రసాదం వంటివి. రెండవ ఛార్లెస్ క్రౌన్‌లలో 1680/79 రకం, విక్టోరియా షిల్లింగులలో 1850/46, 1850/49 రకాలు ఇందుకు నిదర్శనాలు. మూడవ అంకె కింద 7, నాలుగవ అంకె కింద 9 విడివిడిగా కనిపించి, రెండూ కలిసి అర్థవంతమైన ఒక సంవత్సరాన్ని ఇస్తే, ఒకదానికొకటి సంబంధం లేని రెండు సాక్ష్యాలు ఏకీభవించినట్లవుతుంది.

ఊహాచిత్రానికి ఆధారం కల్పన కాకూడదు. అదే విలువ గల నాణెం, ముందటి సంవత్సరానిది, స్పష్టమైన ముద్ర ఉన్నది తీసుకొని దాని అంకె ఛాయాచిత్రాన్ని పరిశీలించే నాణెం చిత్రం మీద పారదర్శకంగా పరచాలి. 1848 షిల్లింగు విషయంలో 1846 షిల్లింగులోని 6 కావాలి, సిక్స్‌పెన్స్‌లోని 6 పనికిరాదు. ఒక్కొక్క నాణెం పరిమాణానికి వేర్వేరు పంచ్‌లు ఉంటాయి. రెండు చిత్రాలను సరిపెట్టేటప్పుడు మారని అంకెలను, అంటే 184ను ఆధారంగా తీసుకోవాలి. వివాదాస్పదమైన అంకెనే ఆధారం చేసుకొని సరిపెడితే ఏ అంకె అయినా ఏ అంకె మీదనైనా సరిపోతుంది. చేతితో కొట్టిన అంకెల మధ్య ఎడం అచ్చుకూ అచ్చుకూ కొంత మారుతుంది కనుక సరిపోలికలో కొద్దిపాటి జరుగుబాటును అనుమతించవచ్చు, ఆకారంలో మార్పును మాత్రం అనుమతించరాదు.

5. కంటిని మోసగించేవి

అన్నింటికంటె తరచుగా ఓవర్‌డేట్‌గా, రీపంచ్‌గా పొరబడేది అచ్చు అదురు వల్ల కలిగిన జంటరేఖ. ప్రెస్‌లో అచ్చు కొంచెం వదులుగా ఉంటే దెబ్బ పడిన క్షణంలో పక్కకు జరిగి, అప్పుడే లేచిన అంకె అంచును నలిపివేస్తుంది. ఫలితంగా అంకె పక్కన చదునైన, మెట్టు వంటి నీడ ఏర్పడుతుంది. రీపంచ్‌తో దీనికి మూడు భేదాలు ఉన్నాయి. నలిగిన మెట్టు చదునుగా, చదునుభాగానికి దగ్గరి ఎత్తులో ఉంటుంది; పంచ్ వల్ల ఏర్పడిన జాడకు గుండ్రదనం, తనదైన అంచు ఉంటాయి. అదురు వల్ల అసలు అంకె సన్నబడుతుంది. రీపంచ్‌లో అంకె అసలు మందంతోనే ఉండి దాని పక్కన అదనపు రేఖ చేరుతుంది. అదురు ఒక్క అంకెకు పరిమితం కాదు, పక్కనున్న అక్షరాలలో, అంచు పళ్ళలో కూడా అదే దిశలో కనిపిస్తుంది. ఒకే అచ్చు నుంచి వచ్చిన మరొక నాణెంలో ఆ జాడ లేకపోతే సందేహం తీరిపోతుంది.

అరిగిన అచ్చు మరొక విధంగా మోసగిస్తుంది. వేలాది దెబ్బలకు అంకెల అంచుల వద్ద ఉక్కు ఒరిసిపోయి నాణెం మీద అంకెలు ఉబ్బి, బయటి వైపు మసకగా జంట కట్టినట్లు కనిపిస్తాయి. ఈ మార్పు సాధారణంగా అంచువైపు సాగుతుంది, నిర్దిష్టమైన అంకె ఆకారం దానికి ఉండదు. 6, 8, 9ల గడులలో చిన్న ఉక్కుముక్క ఊడితే నాణెం మీద ఆ గడి నిండిపోతుంది. నిండిన గడిని కింది అంకెగా చదివిన ఉదంతాలు తక్కువేమీ కావు.

వెలుతురు కూడా పక్షపాతి. ఒకే దిశ నుంచి పడే కాంతిలో ఉబ్బెత్తు భాగం గుంటగా కనిపించడం కంటికి సహజం, ఛాయాచిత్రంలో మరీ సహజం. కనుక పది రెట్ల భూతద్దం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పుతూ, కనీసం నాలుగు దిశల నుంచి ఏటవాలు కాంతిలో చూడాలి. కాంతి దిశ మారితే స్థానం మారే గీత జాడ కాదు, నీడ. అంతకంటె పెద్ద భూతద్దం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. పది రెట్లలో కనిపించని జాడ యాభై రెట్లలో కనిపిస్తే లోహపు గరుకుదనాన్నే అంకెగా చదువుతున్నామేమోనని అనుమానించాలి. మరకలు తొలగిస్తే స్పష్టత వస్తుందని నాణేన్ని రుద్దడం క్షంతవ్యం కాదు. జాడలోని అత్యంత సున్నితమైన అంచులే మొదట పోతాయి.

చివరిది మోసం. సాధారణమైన సంవత్సరాన్ని అరుదైన సంవత్సరంగా మార్చడానికి నాణెం మీది అంకెనే చెక్కినవారు ఉన్నారు. ఇక్కడా మొదటి సూత్రమే రక్ష. చెక్కిన జాడ నాణేనికి చెందినది. పరికరం తగిలిన సన్నని గాట్లు, అంకె చుట్టూ తగ్గిన చదునుభాగం, చుట్టుపక్కల లేని కొత్త మెరుపు దాన్ని పట్టిస్తాయి.

6. అచ్చు గుర్తింపు, అచ్చు దశలు

ఒకే అచ్చు నుంచి వచ్చిన నాణేలను ఎలా తెలుసుకోవాలి? చేతితో కొట్టిన అంకెలు, అక్షరాలే ఇందుకు తోడ్పడతాయి. ఒక్కొక్క అంకె అంచు పళ్ళలో దేనికి ఎదురుగా ఉంది, రెండంకెల మధ్య ఎడం ఎంత, ఏ అంకె ఎటు వాలింది అనేవి రెండు అచ్చులలో ఒకేలా ఉండడం అరుదు. 1864 నుంచి 1879 వరకు షిల్లింగులు, సిక్స్‌పెన్స్‌ల మీద టంకశాలే చిన్న అచ్చుసంఖ్యను వేసింది కనుక ఆ కాలానికి ఈ పని తేలిక. అంతకుముందు కాలానికి కొలతలే శరణ్యం.

ఇక్కడ జాబితాలను వాడేవారు సాధారణంగా పట్టించుకోని ఒక చిక్కు ఉంది. అచ్చు పనిలో ఉన్నంతకాలం మారుతూ ఉంటుంది. మధ్యలో మెరుగుపెడతారు, అది అరుగుతుంది, గుంటలలో మురికి చేరుతుంది. కింది అంకె జాడలు నిస్సారమైనవి కనుక ఈ మార్పులకు అవే ముందుగా బలవుతాయి. తొలిదశ నాణెంలో స్పష్టంగా ఉన్న 6 తుదిదశ నాణెంలో లేకుండా పోవచ్చు. అప్పుడు ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేలు జాబితాలో రెండు వేర్వేరు సంఖ్యల కింద, ఒకటి 1848/6గా, మరొకటి 1848గా నమోదవుతాయి. ఒకటి అరుదైనదిగా, మరొకటి మరింత అరుదైనదిగా పేరు తెచ్చుకుంటాయి. జాడ లేని నాణెం మార్పులేని అచ్చు నుంచి వచ్చిందని చెప్పాలంటే ఆ అచ్చు తొలిదశ నాణేన్ని కూడా చూసి ఉండాలి. ఈ నియమాన్ని పాటిస్తే జాబితాలలోని అనేక ‘సాధారణ’ రకాల ఉనికి పునఃపరిశీలనకు వస్తుంది.

7. అంచు మీది సాక్ష్యం

క్రౌన్ వంటి పెద్ద నాణేల అంచు మీద లాటిన్‌లో ‘అలంకారమూ రక్షణా’ అనే అర్థం గల మాటలు, ఆ తరువాత పాలనాసంవత్సరం ఉంటాయి. అంచులోని లోహాన్ని కత్తిరించి దొంగిలించకుండా ఆ అక్షరాలే కాపలా. అంచును తీర్చే పనిముట్టు వేరు, ముఖాలను ముద్రించే అచ్చు వేరు. అందుచేత సంవత్సరాంకం విషయంలో అంచు స్వతంత్ర సాక్షి.

మూడవ జార్జి 1760 అక్టోబరు 25న రాజయ్యాడు. ఆయన 59వ పాలనాసంవత్సరం 1818 అక్టోబరు 25న మొదలై 1819 అక్టోబరు 24తో ముగుస్తుంది. 1818 క్రౌన్‌లలో అంచు మీద రోమన్ అంకెలలో 58 ఉన్నవీ, 59 ఉన్నవీ దొరుకుతాయి. 1819 క్రౌన్‌లలో 59 ఉన్నవీ, 60 ఉన్నవీ దొరుకుతాయి. 1819లో 9 కింద 8 ఉన్న రకం అంచు మీద 59 కనిపిస్తుంది. 1818 అచ్చును 1819లో, 60వ పాలనాసంవత్సరం రాకముందు మార్చి వాడారనే పఠనానికి ఇది చక్కగా సరిపోతుంది. అంచు పనిముట్టును ఆ రోజే మార్చారని చెప్పలేం కనుక దీనిని తేదీ నిర్ణయంగా కాక అనుకూల సాక్ష్యంగానే గ్రహించాలి.

1752కు ముందు నాణేల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇంగ్లండులో అప్పటివరకు చట్టపరమైన కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. నేటి లెక్కలో ఒక ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలలు ఆనాటి లెక్కలో ముందటి ఏడాదికి చెందుతాయి. పాత పత్రాలలోని తేదీని, నాణెం మీది సంవత్సరాన్ని పోల్చి అచ్చు మార్పు సమయాన్ని నిర్ణయించేవారు ఈ తేడాను మరచిపోరాదు.

8. చరిత్ర రచనలో ఈ ఆధారం విలువ

1848 షిల్లింగు ఈ చర్చకు తగిన పరీక్ష. 1847 సంవత్సరాంకం గల షిల్లింగు చలామణిలో లేదు. 1848 షిల్లింగులో 8 కింద కనిపించేది 7 కాదు, 6. అంటే టంకశాలలో 1846 నాటి అచ్చులు మిగిలి ఉన్నాయి, 1847లో వాటిని కొత్త సంవత్సరానికి మార్చలేదు, 1848లో అవసరం పడి మార్చారు. నాణేల వరుసలోని ఖాళీని, అంకె కింది అంకెను కలిపి చదివితే ఇంతవరకు నిశ్చయంగా చెప్పవచ్చు. అంతకుమించి, ఆ ఏడాది వెండి కొరత ఉందనో, షిల్లింగులకు గిరాకీ తగ్గిందనో చెప్పాలంటే పత్రాధారాలు కావాలి. అచ్చు తన గురించి మాత్రమే సాక్ష్యం ఇస్తుంది.

ముద్రణ లెక్కలకు కూడా ఇదే మర్యాద వర్తిస్తుంది. టంకశాల ఒక ఏడాదిలో ముద్రించిన నాణేల సంఖ్య ఆ ఏడాది సంవత్సరాంకం గల నాణేల సంఖ్య కానవసరం లేదు. పాత అచ్చులు జనవరిలోనూ పనిచేసి ఉండవచ్చు. భారతదేశంలో ఈ అంతరం మరీ పెద్దది. 1862 సంవత్సరాంకం గల విక్టోరియా రూపాయిని 1874 వరకు ముద్రిస్తూ వచ్చారు. అసలు సంవత్సరాన్ని సూచించడానికి బొంబాయి టంకశాల చుక్కలను ఆశ్రయించింది. లండనులో అంకె మీద అంకె కొట్టి తేదీని తాజాగా ఉంచితే, ఇక్కడ తేదీని కదలనివ్వకుండా చుక్కలు పెంచుతూ పోయారు. తెలుగు ప్రాంతాలలో దొరికిన నిక్షేపాలలోని చివరి నాణెం సంవత్సరాన్ని బట్టి పాతిపెట్టిన కాలాన్ని నిర్ణయించేవారు 1862 రూపాయి విషయంలో పన్నెండేళ్ళు పొరబడే అవకాశం ఉంది. చుక్కలు లెక్కపెట్టడమూ, అంకె కింది అంకె వెతకడమూ చివరికి ఒకే జాతి పనులు.

9. నమోదు తీరు

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలు నమోదులో కనిపించకపోతే తరువాతి పరిశోధకునికి అందవు. 1848/6 అని రాసి ఊరుకోవడం చాలదు. ఏ అంకె కింద ఏ జాడ, అంకెలో ఏ చోట కనిపించింది. ఆశించిన జాడలలో ఏది కనిపించలేదు, ఎందుకు కనిపించలేదని భావిస్తున్నారు. ఒకే అచ్చు నుంచి వచ్చిన ఎన్ని నాణేలను చూశారు, అవి ఏ దశకు చెందినవి అన్న వివరాలు పక్కనే ఉండాలి. కనిపించని వాటిని రాసే అలవాటు నాణేల జాబితాలలో చాలా తక్కువ. నిజానికి నిర్ణయాన్ని సరిచూడడానికి ఎక్కువగా ఉపకరించేవి అవే.

1847 గ్రోట్ ఇందుకు ఒక తెరచి ఉన్న ఉదాహరణ. అందులోని 7 కింద మరొక అంకె ఉందన్న విషయంలో వివాదం లేదు. అది 6 అని, కాకపోతే 8 కావచ్చునని జాబితాలు సందేహాన్ని దాచకుండా నమోదు చేశాయి. 6 అయితే అది ముందటి ఏడాది అచ్చు, సాధారణమైన ఓవర్‌డేట్. 8 అయితే దిద్దుకున్న పొరపాటు కావాలి, లేదా మరుసటి ఏడాదికి సిద్ధమైన అచ్చును వెనక్కు మార్చి ఉండాలి. చరిత్ర దృష్ట్యా మొదటిదే సహజంగా తోస్తుంది. అయితే సహజంగా తోచడం కంటికి కనిపించడం కాదు. 7 కింద 6 ఉంటే 7 వాలుగీతకు ఎడమన మధ్యభాగంలో తెగని ఒకే వంపు ఉండాలి, 8 ఉంటే అదే చోట లోపలికి నొక్కుకున్న నడుము ఉండాలి. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఒకే అచ్చు నుంచి వచ్చిన ఒకటి కంటె ఎక్కువ తొలిదశ నాణేలలో స్పష్టపడేంతవరకు జాబితాలోని ఆ ‘లేదా’ను తొలగించకూడదు.